బండికి లక్ష, శిక్షణకు సున్నా: అండమాన్‌లో ఆ తేడా ఎవరు కడుతున్నారు?

అండమాన్ నికోబార్ దీవుల్లో పద్దెనిమిదేళ్లు నిండిన ఒక యువకుడు గేరు బండి లైసెన్సు తీసుకోవాలంటే కేంద్ర మోటారు వాహన నిబంధనల ప్రకారం కట్టాల్సిన ప్రాథమిక రుసుము 700 రూపాయలు. ఎల్ఎల్ఆర్‌కు 150, ఆ పరీక్షకు 50, డ్రైవింగ్ పరీక్షకు 300, లైసెన్సు జారీకి 200. కేంద్రం 2016 డిసెంబరులో సవరించిన రేట్లు ఇవి. కార్డు, పోస్టు, సర్వీసు చార్జీలు కలిస్తే ఇంకొంచెం పెరుగుతుంది. అదే యువకుడు కొనుక్కునే వంద, నూట పాతిక సీసీ బండి ఆన్‌రోడ్ ధర లక్ష రూపాయలకు అటూఇటూగా ఉంటుంది. ఈ రెండు అంకెల మధ్య మూడో అంకె ఒకటి ఉండాలి. బండి నడపడం నేర్చుకోవడానికి పెట్టిన ఖర్చు అది. చాలా ఇళ్లలో ఆ అంకె సున్నా.

అన్నయ్యో, బాబాయో, పక్కింటి స్నేహితుడో ఒక ఆదివారం ఖాళీ స్థలానికి తీసుకెళ్లి క్లచ్ ఎలా వదలాలో చెబుతారు. రెండో ఆదివారానికి కుర్రాడు వీధిలోకి వస్తాడు, మూడో వారానికి మెయిన్ రోడ్డెక్కుతాడు. శ్రీకాకుళంలోనూ, నల్గొండలోనూ ఇదే పద్ధతి. అయితే మెయిన్‌ల్యాండ్‌లో ఈ అలవాటుకు పడే మూల్యం కన్నా దీవుల్లో పడేది ఎక్కువ. అక్కడి రోడ్లు, వానలు, ఆసుపత్రికి ఉన్న దూరం కలిసి ఆ మూల్యాన్ని పెంచుతాయి.

ఈ విషయం తెలుగువాళ్లు పట్టించుకోవాల్సినది కూడా. 2011 జనాభా లెక్కల ప్రకారం ఈ దీవుల్లో 3.8 లక్షల మంది ఉంటే, తెలుగు మాతృభాషగా చెప్పినవారు 50 వేలకు పైనే. అంటే సుమారు 13 శాతం. బెంగాలీ, హిందీ, తమిళం తర్వాత నాలుగో స్థానం మనదే. ఉత్తరాంధ్ర తీరం నుంచి, ముఖ్యంగా శ్రీకాకుళం, విశాఖపట్నం ప్రాంతాల నుంచి చేపల వేటకు, కూలి పనులకు, చిన్న వ్యాపారాలకు వెళ్లి స్థిరపడిన కుటుంబాలే వీటిలో ఎక్కువ. రెండు చక్రాల బండి మీదే బతుకు నడిచే వర్గం ఇది.

దీవుల్లో బండి ఎందుకు తప్పనిసరి

ఈ కేంద్రపాలిత ప్రాంతంలో 836 దీవులు, రాతి దిబ్బలు ఉంటే, మనుషులు నివసించేవి 31. రైలు లేదు. దీవికీ దీవికీ మధ్య ప్రభుత్వ ఓడలు, పడవలు. దీవి లోపల రవాణా శాఖ నడిపే బస్సులు, కొన్ని ప్రైవేటు బస్సులు, ఆటోలు. పోర్ట్ బ్లెయిర్ పేరును కేంద్రం 2024 సెప్టెంబరులో శ్రీవిజయపురంగా మార్చింది. ఆ పట్టణమంతా గుట్టల మీద పరుచుకుని ఉంటుంది. ఇంటి నుంచి బస్టాపుకు నడవాలన్నా ఒక ఎత్తు ఎక్కి దిగాలి. జంగ్లీఘాట్‌లో తెల్లవారుజామున చేపలు కొని కాలనీల్లో అమ్ముకునే వ్యక్తికైనా, ఊరవతల సైటుకు వెళ్లే మేస్త్రీకైనా, ట్యూషన్‌కు వెళ్లే డిగ్రీ విద్యార్థికైనా బండే దిక్కు.

ఆ బండి నడిచే రోడ్డు ఎలాంటిదో కూడా చూడాలి. దీవుల్లో ఏడాదికి సుమారు మూడు వేల మిల్లీమీటర్ల వాన పడుతుంది. నైరుతి, ఈశాన్య రుతుపవనాలు రెండూ తాకుతాయి కనుక ఏడాదిలో సగానికి పైగా రోడ్డు తడిగానే ఉంటుంది. విస్తీర్ణంలో 80 శాతానికి మించి అడవే. శ్రీవిజయపురం నుంచి బారాటాంగ్, రంగత్, మాయాబందర్ మీదుగా డిగ్లీపూర్ దాకా వెళ్లే అండమాన్ ట్రంక్ రోడ్డు, అంటే నాలుగో నంబరు జాతీయ రహదారి, చాలా చోట్ల కొండ మలుపులతో సాగుతుంది. ఎదురుగా వచ్చే లారీ మలుపు తిరిగాక గానీ కనబడదు.

ఖాళీ మైదానంలో రెండు ఆదివారాలు నేర్చుకున్న విద్య ఇక్కడ సరిపోదు. గంటకు 40 కిలోమీటర్ల వేగంలో బండి సెకనుకు 11 మీటర్లు కదులుతుంది. ప్రమాదాన్ని చూసి బ్రేకు మీద చెయ్యి పడేలోపే ఆ 11 మీటర్లు అయిపోతాయి. వేగం రెట్టింపైతే బ్రేకు వేశాక ఆగే దూరం నాలుగు రెట్లవుతుంది. తడి రోడ్డు మీద ఇంకా పెరుగుతుంది. ముందు బ్రేకు వేస్తే పడిపోతామన్న భయంతో వెనక బ్రేకునే నమ్ముకునేవాళ్లు మన దగ్గర కోకొల్లలు. నిజానికి బ్రేకు వేసినప్పుడు బరువు ముందు చక్రం మీదికి వస్తుంది, బండిని ఆపే శక్తిలో ఎక్కువ భాగం అక్కడే ఉంటుంది. ఆ లివరును ఒక్కసారి గుంజకుండా క్రమంగా నొక్కడం, దిగుడులో న్యూట్రల్ చేయకుండా కింది గేరులో దిగడం, మలుపుకు ముందే వేగం తగ్గించుకోవడం, వెనక బరువున్నప్పుడు బండి తీరు ఎలా మారుతుందో తెలుసుకోవడం, ఇవన్నీ ఎవరో ఒకరు పక్కన నిలబడి నేర్పితే వచ్చేవి. సొంతంగా నేర్చుకుంటే పడి లేచి నేర్చుకోవాలి. పడ్డవాళ్లందరూ లేవరు.

చట్టం రాసిందొకటి, జరిగేదొకటి

శిక్షణ గురించి మన చట్టంలో ఏమీ లేదనుకుంటే పొరపాటు. కేంద్ర మోటారు వాహన నిబంధనలు 1989లోనే వచ్చాయి. వాటిలో 31వ నిబంధన ప్రకారం డ్రైవింగ్ స్కూలు సొంత వాహనాల తరగతికి ఇచ్చే శిక్షణ 21 రోజులకు తగ్గకూడదు, అందులో బండి నడిపించే సమయం పది గంటలకు తగ్గకూడదు. మోటార్‌సైకిల్‌కు సంబంధించిన పాఠాలు కూడా ఆ సిలబస్‌లో భాగమే. కానీ స్కూలులో చేరడం తప్పనిసరి కాదు. ఎల్ఎల్ఆర్ వచ్చి 30 రోజులు గడిస్తే ఎవరైనా నేరుగా పరీక్షకు వెళ్లవచ్చు. ఆ 30 రోజుల్లో ఏం నేర్చుకున్నావని ఎవరూ అడగరు.

ఇంకో చిక్కు ఉంది. నేర్చుకునేవాడి పక్కన లైసెన్సున్న శిక్షకుడు ఉండాలని, అతను వాహనాన్ని అదుపు చేయగల, ఆపగల స్థానంలో కూర్చోవాలని మూడో నిబంధన చెబుతుంది. కారులో ఇది సాధ్యమే, శిక్షకుడి కాలి కింద ఇంకో బ్రేకు ఉంటుంది. మోటార్‌సైకిల్ మీద వెనక కూర్చున్నవాడికి ఏ బ్రేకూ అందదు. కారును మనసులో పెట్టుకుని రాసిన నియమాన్ని బండికి అతికించారు. అందుకే దాన్ని పాటించేవాళ్లూ లేరు, పాటించమనేవాళ్లూ లేరు. ముందూ వెనకా ఎర్ర అక్షరంతో 'ఎల్' బోర్డు పెట్టాలన్న నియమం కూడా కార్ల మీదే ఎక్కువగా కనిపిస్తుంది.

పరీక్షదీ అదే కథ. పదిహేనో నిబంధన అభ్యర్థి ఏమేం చేసి చూపాలో వివరంగా రాసింది. ఎత్తు మీద ఆగి, వెనక్కి జారకుండా తిరిగి కదలడం, అత్యవసరంగా ఆపడం, మలుపుల్లో సరిగ్గా తిరగడం, ఓవర్‌టేక్ చేయడం, ఓవర్‌టేక్ చేసేవాళ్లకు దారివ్వడం అందులో ఉన్నాయి. దేశమంతటా జనం నోట్లో మాత్రం బండి పరీక్ష అంటే 'ఎనిమిది వేయడం'. నెమ్మదిగా, కాలు కింద పెట్టకుండా ఎనిమిది అంకె ఆకారంలో తిప్పితే పాస్. నెమ్మదిలో తూకం నిలుపుకోవడం ఒక నైపుణ్యమే. కానీ రోడ్డు మీద ప్రాణం తీసేది వేగం, ఆపలేకపోవడం, మలుపు. గుట్టల పట్టణంలో ఎత్తు మీద ఆగి కదలడం నిత్యావసరం. రాసిన నిబంధనను ఉన్నదున్నట్టు అమలు చేసినా పరీక్ష ఇప్పటికన్నా ఎంతో అర్థవంతంగా ఉంటుంది.

దేశంలో చాలా చోట్ల ఇప్పుడు ఎల్ఎల్ఆర్ పరీక్షను ఆధార్ ఆధారంగా ఇంటి నుంచే రాసే వీలుంది. చెన్నై నుంచి సముద్రం అడుగున వేసిన 2,300 కిలోమీటర్ల కేబుల్‌ను 2020 ఆగస్టులో ప్రారంభించాక కార్ నికోబార్, క్యాంప్‌బెల్ బే వంటి చోట్లకూ వేగవంతమైన ఇంటర్నెట్‌కు దారి పడింది. దరఖాస్తు, ఫీజు, పరీక్ష ప్రశ్నలు కేబుల్ మీద వెళ్తాయి. బ్రేకు వేయడం మాత్రం అలా నేర్పలేం. సేవలను సులభం చేశామని ప్రభుత్వాలు చెప్పుకునే క్రమంలో లైసెన్సు సులభమైంది, శిక్షణ ఉన్నచోటే ఆగింది.

నేర్చుకోవడానికి అసలు ఎంతవుతుంది?

డ్రైవింగ్ స్కూళ్లు బండి ఎందుకు నేర్పవు? కారు నేర్పితే వచ్చే ఆదాయం బండి నేర్పితే రాదు. బండి పడితే రిపేరు ఖర్చు స్కూలుదే. పైగా అడిగేవాళ్లు తక్కువ. చాలా స్కూళ్లలో కారు ప్యాకేజీతో పాటు బండి లైసెన్సు కూడా 'చేయించి' ఇవ్వడమే ఉంటుంది, నేర్పడం ఉండదు.

ఒక మినహాయింపు ఉంది, అది ఆలోచింపజేస్తుంది. తెలుగు నగరాల్లో డబ్బిచ్చి బండి నేర్చుకుంటున్నవాళ్లు ఎవరంటే ఎక్కువగా మహిళలు. స్కూటీ నేర్పే మహిళా శిక్షకుల ప్రకటనలు హైదరాబాద్, విశాఖ కాలనీల్లో గోడల మీద కనిపిస్తాయి. హైదరాబాద్‌లో జై భారతి ప్రారంభించిన 'మోవో' సంస్థ మహిళలకు ద్విచక్ర, మూడు చక్రాల వాహనాలు నడపడం నేర్పుతోంది. మగపిల్లవాడికి ఇంట్లో ఎవరో ఒకరు ఉచితంగా నేర్పుతారు. ఆడపిల్లకు ఆ చొరవ దొరకదు కాబట్టి ఆమె డబ్బు కడుతుంది. ఫలితంగా రోడ్డెక్కే ముందు ఖాళీ మైదానంలో క్రమంగా, బ్రేకుతో మొదలుపెట్టి నేర్చుకునే అవకాశం చాలాసార్లు ఆమెకే దక్కుతోంది. అంటే డబ్బిచ్చి నేర్చుకోవడం మన సమాజానికి పరాయి విషయమేమీ కాదు. మగవాళ్లకు అది అవసరమని మనం అనుకోవడం లేదు, అంతే.

ఒక లెక్క వేసుకుందాం. శిక్షకుడికి గంటకు 300 రూపాయలు అనుకుంటే పది గంటలకు మూడు వేలు. శిక్షణ బండి పెట్రోలు, అరుగుదల కలిపి ఇంకో వెయ్యి. ఐఎస్ఐ మార్కున్న మంచి హెల్మెట్, చేతి గ్లవ్స్‌కు రెండు వేలు వేసుకున్నా మొత్తం ఆరు వేలు. లక్ష రూపాయల బండిలో ఇది ఆరు శాతం. కొత్త బండి కొన్నప్పుడు ఐదేళ్ల థర్డ్ పార్టీ ఇన్సూరెన్స్ ఎలాగూ తప్పదు. 2022లో నిర్ణయించిన రేట్ల ప్రకారం 75 నుంచి 150 సీసీ బండికి అదే 3,851 రూపాయలు, పన్ను అదనం. ఎదుటివాడికి జరిగే నష్టానికి బీమా తప్పనిసరి చేసిన చట్టం, ఆ నష్టం జరగకుండా చూసే శిక్షణను ఐచ్ఛికంగా వదిలేసింది.

నేర్చుకోకపోతే ఎంతవుతుంది?

దేశంలో 2022లో రోడ్డు ప్రమాదాల్లో 1,68,491 మంది చనిపోయారని కేంద్ర రవాణా శాఖ నివేదిక చెబుతోంది. వారిలో 74,897 మంది, అంటే 44.5 శాతం, ద్విచక్ర వాహనాల మీద వెళ్తున్నవారే. హెల్మెట్ లేక చనిపోయినవారు 50,029 మంది. బండి సగటు భారతీయుడికి అత్యంత చవకైన వాహనం, అత్యంత ప్రమాదకరమైనది కూడా.

అండమాన్‌లో ఈ ప్రమాదానికి దూరం తోడవుతుంది. పెద్ద ఆసుపత్రి అంటే శ్రీవిజయపురంలోని జి.బి.పంత్ ఆసుపత్రే. 2015లో వచ్చిన వైద్య కళాశాల దానికి అనుబంధంగా నడుస్తోంది. డిగ్లీపూర్‌లో బండి మీద నుంచి పడి తలకు దెబ్బ తగిలితే రోడ్డు మార్గాన రాజధాని చేరడానికే గంటలు పడుతుంది. మధ్యలో జరావా రిజర్వు గుండా వాహనాలు నిర్ణీత వేళల్లో, కాన్వాయ్‌గా మాత్రమే వెళ్లే భాగం ఉంది. క్యాంప్‌బెల్ బే నుంచైతే ఓడలో ఒక రోజుకు పైనే, లేదంటే హెలికాప్టర్ కోసం ఎదురుచూపు. అక్కడికీ కుదరకపోతే చెన్నైకో, కోల్‌కతాకో విమానం. రోగితో వెళ్లేవారి టికెట్లు, అక్కడ బస, నెలల తరబడి పోయే కూలి, వీటికి ఏ పథకమూ పూర్తిగా సరిపోదు. 2025 మేలో కేంద్రం తెచ్చిన నగదు రహిత చికిత్స పథకం మంచిదే. దాని కింద ప్రమాదం జరిగిన రోజు నుంచి ఏడు రోజుల దాకా, ఒక్కొక్కరికి లక్షన్నర వరకు చికిత్స అందుతుంది. ఎనిమిదో రోజు నుంచి భారం కుటుంబానిదే.

చాలామందికి తెలియని ఇంకో నష్టం ఉంది. బండి యజమానికి ఉండే 15 లక్షల వ్యక్తిగత ప్రమాద బీమా, నడిపేటప్పుడు అతనికి చెల్లుబాటయ్యే లైసెన్సు ఉంటేనే వర్తిస్తుంది. గేరు లేని బండి లైసెన్సుతో గేరు బండి నడిపితే అది చెల్లుబాటయ్యే లైసెన్సు కాదు. లైసెన్సు లేని వ్యక్తికి తెలిసీ బండి ఇచ్చి, అతను ఎవరినైనా గుద్దితే, బాధితుడికి ఇన్సూరెన్స్ కంపెనీ ముందు చెల్లించి, ఆ సొమ్మును యజమాని నుంచి వసూలు చేసుకోవచ్చని 2004లో స్వరణ్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు వివరించింది. అద్దె ఇంట్లో ఉండి, పడవ మీద అప్పు తీర్చుకుంటున్న ఒక వేట కుటుంబానికి అలాంటి ఒక్క తీర్పు ఒక తరాన్ని వెనక్కి లాగేస్తుంది.

మైనర్ల విషయం ఇంకా తీవ్రం. 2019 సెప్టెంబరు 1 నుంచి అమల్లోకి వచ్చిన 199ఎ సెక్షన్ ప్రకారం మైనర్ బండి నడిపి నేరానికి పాల్పడితే సంరక్షకుడికి లేదా యజమానికి మూడేళ్ల దాకా జైలు, 25 వేల రూపాయల జరిమానా పడతాయి. బండి రిజిస్ట్రేషన్ ఏడాది పాటు రద్దవుతుంది. ఆ పిల్లవాడికి 25 ఏళ్లు వచ్చేదాకా లైసెన్సు రాదు. పదహారేళ్లకే లైసెన్సు ఇచ్చే వెసులుబాటు 50 సీసీ లోపు గేరు లేని బళ్లకే ఉంది. అలాంటి పెట్రోలు బళ్లు షోరూముల్లో దాదాపు కనుమరుగయ్యాయి. అంటే పదహారు, పదిహేడేళ్ల పిల్లలు చట్టబద్ధంగా బండి నేర్చుకునే దారి కాగితం మీదే మిగిలింది. వాళ్లు నేర్చుకోవడం మాత్రం ఆగలేదు.

అండమాన్‌లోనే ఎందుకు మొదలుపెట్టవచ్చు

శిక్షణ తప్పనిసరి చేస్తే అదీ ఏజెంట్ల వ్యాపారమవుతుందన్న అభ్యంతరం బలమైనదే. బండి నడపకుండానే పది గంటల సర్టిఫికెట్ అమ్ముడుపోయే దేశం మనది. పేదవాడికి ఇంకో మూడు వేల ఖర్చు పెరిగి, భద్రత ఏమీ పెరగకపోవచ్చు. అందుకే ముందు చేయాల్సింది నిర్బంధం కాదు, శిక్షణను అందుబాటులోకి తేవడం.

2021లో కేంద్రం గుర్తింపు పొందిన శిక్షణ కేంద్రాల విధానం తెచ్చింది. అక్కడ కోర్సు పూర్తి చేస్తే ఆర్టీఓ పరీక్ష రాయనక్కర్లేదు. ఆ ప్రకటనలో వివరించిన కోర్సులు కార్లకు 29 గంటలు, భారీ వాహనాలకు 38 గంటలు. సిమ్యులేటర్లు, టెస్ట్ ట్రాక్, అందుకు తగ్గ స్థలం కావాలి. భూమిలో అధిక భాగం అడవి, రిజర్వులుగా ఉన్న దీవుల్లో ఊరూరా అలాంటి కేంద్రం రావడం జరగని పని. బండి శిక్షణకు అంత అవసరం కూడా లేదు. ఒక పాఠశాల మైదానం, కొన్ని ప్లాస్టిక్ కోన్లు, గార్డు బిగించిన రెండు పాత బళ్లు, శిక్షణ పొందిన ఒక శిక్షకుడు చాలు.

బ్రిటన్ 1990లో తెచ్చిన విధానం దాదాపు ఇదే. అక్కడ కొత్తగా బండి ఎక్కేవారు ముందు ప్రాథమిక శిక్షణ పూర్తి చేయాలి. మొదట మైదానంలో, తర్వాత శిక్షకుడు ఇంకో బండి మీద వెంట వస్తుండగా రోడ్డు మీద. ఆ సర్టిఫికెట్‌తో 17 ఏళ్లకు 125 సీసీ వరకే నడపాలి, అదీ 'ఎల్' ప్లేటుతో. పెద్ద బండికి ఇంకా వయసు, ఇంకా పరీక్షలు. వెనక సీట్లో శిక్షకుడు కూర్చోవాలన్న మన నియమానికి సమాధానం ఆ 'ఇంకో బండి'లో ఉంది.

అండమాన్‌కు ఇందులో ఒక అనుకూలత ఉంది. శాసనసభ లేని కేంద్రపాలిత ప్రాంతం అది. పాలనా యంత్రాంగం ఒక్కటే, రవాణా శాఖ ఒక్కటే, జనాభా మన మధ్యస్థాయి పట్టణమంత. రాజధానిలోని డాక్టర్ బి.ఆర్. అంబేద్కర్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టెక్నాలజీ వంటి ప్రభుత్వ సంస్థల మైదానాల్లో శని, ఆదివారాల్లో పది గంటల కోర్సు నడపవచ్చు. బయటి దీవులకు నెలకోసారి శిక్షకుడు, పరీక్షాధికారి కలిసి వెళ్లవచ్చు. అభ్యర్థి ఓడెక్కి రావడం కన్నా ఇద్దరు ఉద్యోగులు ఓడెక్కడం చవక. పాఠం ఏ భాషలో చెబుతారన్నదీ ముఖ్యమే. ఇక్కడి అధికార భాషలు హిందీ, ఇంగ్లీషు. బ్రేకు ఎలా వేయాలో, బీమా ఎప్పుడు చెల్లదో తెలుగులో, బెంగాలీలో, తమిళంలో, నికోబారీలో చెప్పకపోతే ఎక్కువ అవసరమున్నవారికే అది చేరదు. దీవుల్లోని తెలుగు సంఘాలు పండుగలకు వేదికలు కట్టినంత శ్రద్ధతో ఈ పని తలకెత్తుకోవచ్చు.

ఫీజు విషయానికొస్తే, కోర్సు పూర్తి చేసినవారికి 300 రూపాయల పరీక్ష రుసుమును పాలనా యంత్రాంగమే భరించవచ్చు. బండి అమ్మేటప్పుడు హెల్మెట్ ఇవ్వాలని 138వ నిబంధన ఇప్పటికే తయారీదారును ఆదేశిస్తోంది. దానితోపాటు రెండు గంటల బ్రేకింగ్ పాఠం కూడా ఇవ్వాలని డీలర్లను అడగడం అత్యాశ కాదు. మొదటి రెండేళ్లు ఐచ్ఛికంగా నడిపి, కోర్సు చేసినవారి ప్రమాదాలు, చేయనివారి ప్రమాదాలు పోల్చి చూస్తే, నిర్బంధం చేయాలా వద్దా అన్నది అంకెలే చెబుతాయి. ఇంత చిన్న జనాభాలో ఆ లెక్క తీయడం కష్టమేమీ కాదు.

ఈ ఏర్పాట్లు వచ్చేదాకా నిర్ణయం ఇంట్లోనే జరగాలి. పిల్లవాడికి బండి కొనే రోజున బడ్జెట్‌లో ఆరు వేలు పక్కన పెట్టి, అనుభవమున్న శిక్షకుడిని వెతికి, వాన పడుతున్న ఒక సాయంత్రం మైదానంలో ముందు బ్రేకు వేయడం నేర్పించి, ఆ తర్వాతే తాళం చేతికివ్వాలి. విశాఖ నుంచి ఓడెక్కి వచ్చి దీవుల్లో బతుకు నిలబెట్టుకున్న కుటుంబాలకు ఆరు వేలు చిన్న మొత్తం కాదు. చెన్నైకి తీసుకెళ్లాల్సిన విమాన టికెట్లతో పోలిస్తే మాత్రం చిన్నదే.